పట్నం వదిలిన నీళ్లు: పల్లెకు మిగిలేది వాసనా? వాటానా?

అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద నడిచే ప్రతి మనిషికీ ముసలమ్మ కథ తెలుసు. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ఒక ఇంటి కోడలు తన ప్రాణం ఇచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డి గారు "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా రాశారు. అందరి మేలు కోసం ఒకరు బలి కావడం ఈ సీమలో కొత్త మాట కాదు.

ఆ మాటే ఇప్పుడు మరో రూపంలో మన ముందుకు వస్తున్నది. పట్టణాల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాలు కట్టాలి. కట్టక తప్పదు. అయితే అవి పట్టణం నడిబొడ్డున రావు. మురుగు పల్లానికే పారుతుంది గనుక ఊరు దాటినాక, వంక పక్కన, ఏదో ఒక పల్లె పొలిమేరలోనే వస్తాయి.

రచ్చకట్ట మీద ఈ ప్రస్తావన వస్తే రెండు గొంతులు వినిపిస్తాయి. "ఏమప్పా, పట్నమోళ్ల కంపు మనకెందుకు?" అనేది ఒకటి. "కంపో గింపో, నీళ్లు కదన్నా! ఎండిన బోర్లకు ఏదో ఒకటి దిగనీ" అనేది రెండోది. రెండింటిలోనూ న్యాయం ఉన్నది. ఏది నిజం అవుతుందన్నది కేంద్రం గోడలు లేవకముందు పల్లె ఏమి అడిగి రాయించుకున్నదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

లెక్క చూస్తే చిన్న నీరు కాదు

మన సీమలో ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల పైచిలుకు. అదీ అదనుకు పడదు. చెరువులు నిండే ఏడు కంటే ఎండే ఏడే ఎక్కువ. కొన్ని చోట్ల బోర్లు వెయ్యి అడుగులు దింపినా చెమ్మ తగలడం లేదు. వానను నమ్ముకుని వేరుశనగ వేసి, ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తే తల పట్టుకు కూర్చునే రైతుకు చుక్క నీరైనా విలువైనదే.

ఇలాంటి చోట ప్రతి దినం తప్పకుండా పారే నీరు ఒక్కటే ఉన్నది. అది పట్టణపు మురుగు. వాన వచ్చినా రాకపోయినా పట్టణ ప్రజలు స్నానం చేయక మానరు, అంట్లు తోమక మానరు.

భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందించాలన్నది మన దేశపు ప్రమాణం. అందులో నూటికి 80 పాళ్లు మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. 2011 జనాభా లెక్కల్లోనే అనంతపురం జనాభా రెండున్నర లక్షలు దాటింది. రెండున్నర లక్షలకే లెక్క కట్టినా, ప్రమాణం ప్రకారం నీరు అందితే, రోజుకు 2 కోట్ల 70 లక్షల లీటర్ల మురుగు వస్తుంది. ఏడాదికి సుమారు 985 కోట్ల లీటర్లు. అంటే ఒక టీఎంసీలో మూడో వంతు.

ఒక ఎకరా వేరుశనగకు పంటకాలం మొత్తం మీద 20 లక్షల లీటర్లకు కొంచెం అటూ ఇటూగా నీరు కావాలి. దారిలో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది సగం తీసివేసినా, ఈ నీరు ఏడాదికి రెండు వేల ఎకరాల ఆరుతడికి సరిపోతుంది. ఇది కాగితం మీది లెక్కే. అయినా నీటి విలువ తెలియడానికి ఇది చాలు.

మరొక సంగతి. అనంతపురం తాగే నీరు చాలా భాగం తుంగభద్ర ఎగువ కాలువ ద్వారా వచ్చి రిజర్వాయర్లలో చేరిన నీరే. అంత దూరం నుంచి, అంత ఖర్చుతో తెచ్చిన నీటిని ఒక్కసారి వాడి వంకలో పారబోయడం కరువు సీమకు తగిన పని కాదు.

ఇప్పుడు ఎటు పోతున్నది?

నడిమివంక, మరువవంక ఒకనాడు వాననీటి దారులు. నేడు అవి పట్టణపు మురుగును మోస్తున్నాయి. 2022 అక్టోబరులో పెద్ద వాన కురిసినప్పుడు నడిమివంక పొంగి పట్టణ కాలనీలు మునిగాయి. ఆ రోజు పట్టణవాసులకు కనబడిన మురుగు, దిగువ పల్లెలకు ఏడాది పొడవునా కనబడేదే.

శుద్ధి కాని మురుగు కుంటల్లోకి చేరితే పశువులు ఆ నీరే తాగుతాయి. గుర్రపుడెక్క అల్లుకుంటుంది. మురికినీటిలో పెరిగే దోమలు బోదకాలు వ్యాధిని మోస్తాయి. నేలలోకి ఇంకిన మురుగు బావుల్లో, బోర్లలో నైట్రేటును పెంచుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే పసిబిడ్డ ఒళ్లు నీలంగా మారి ప్రాణాపాయం రావచ్చు. అసలే ఫ్లోరైడుతో బాధపడుతున్న జిల్లాకు ఇది పుండు మీద కారం.

కనుక శుద్ధి కేంద్రం వద్దనడం పరిష్కారం కాదు. అది వద్దంటే ఈ మురుగు ఇలాగే పారుతుంది.

శుద్ధి అంటే ఏమి చేస్తారు?

మొదటి దశలో చెత్త, ఇసుక, మడ్డి వేరు చేస్తారు. రెండో దశలో నీటిలోకి గాలి పంపి, కంటికి కనిపించని సూక్ష్మజీవులను పెంచుతారు. అవి కుళ్లును తినివేస్తాయి. మూడో దశలో వడగట్టి, రోగక్రిములను చంపుతారు. మిగిలిన భాస్వరం, నత్రజని వంటివి కూడా తగ్గిస్తారు. ఖర్చు ఎక్కువని చాలా చోట్ల రెండో దశతోనే సరిపెడతారు.

యంత్రాలు లేకుండా పెద్ద మడుగుల్లో ఎండకూ గాలికీ మురుగును నిలబెట్టి శుద్ధి చేసే పద్ధతి కూడా ఉన్నది. దానికి కరెంటు ఖర్చు దాదాపు ఉండదు. మన ఎండకు బాగానే పని చేస్తుంది. కాని ఎకరాలకు ఎకరాలు భూమి కావాలి. గట్లను శుభ్రంగా ఉంచకపోతే దోమలు పెరుగుతాయి. యంత్రాల కేంద్రానికి భూమి తక్కువ చాలు గాని, కరెంటు ఆగితే శుద్ధి ఆగుతుంది. మురుగు మాత్రం ఆగదు. అది అలాగే వంకలో పడుతుంది.

దేశంలో ఈ కేంద్రాల పని తీరు చూస్తే ఈ భయం అకారణం కాదని తెలుస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు వస్తున్నది. కట్టిన కేంద్రాల శక్తి 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అయ్యేది 2,023 కోట్ల లీటర్లే. అంటే కట్టింది సగం కంటే తక్కువ. కట్టిన దానిలోనూ మూడో వంతుకు పైగా ఊరకే ఉన్నది. కేంద్రం కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకొక ఎత్తు.

ధర్మవరం వంటి ఊళ్లకు వేరే చిక్కు ఉన్నది. పట్టు అద్దకపు రంగునీరు ఇళ్ల మురుగు లాంటిది కాదు. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రంలోని సూక్ష్మజీవులు చాలా రంగులను తినలేవు. రంగునీటిని వచ్చిన చోటనే విడిగా శుద్ధి చేయాలి. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

కోలారు ఏమి చెబుతున్నది?

మన హిందూపురం, మడకశిర దాటి కర్ణాటకలోకి వెళితే అదే ఎర్రనేల, అవే ఎండిన చెరువులు. కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాల్లో ఇంటి మాట తెలుగే. ఈ సమస్యను మనకంటే ముందు చూసినవారు వారు.

బెంగుళూరులోని కోరమంగల–చల్లఘట్ట లోయ కేంద్రాల్లో శుద్ధి చేసిన నీటిని గొట్టాల ద్వారా పంపి కోలారు వైపు 126 చెరువులు నింపాలన్నది అక్కడి పథకం. రోజుకు 44 కోట్ల లీటర్లు. మనం పైన వేసిన అనంతపురం లెక్కకు ఇది 16 రెట్లు. 2018 జూన్‌లో నీరు లక్ష్మీసాగర చెరువుకు చేరింది. ఏళ్ల తరబడి ఎండిన చెరువులో నీరు చూసి జనం సంతోషించారు. జూలైలో ఆ చెరువులో తెల్లని నురుగు తేలింది. పంపడం ఆపవలసి వచ్చింది.

మూడో దశ శుద్ధి లేకుండా ఈ నీరు మాకు పంపవద్దని శాశ్వత నీరావరి హోరాట సమితి కోర్టుకు వెళ్లింది. 2018 జూలైలో కర్ణాటక హైకోర్టు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు నీటి సరఫరాను నిలిపివేశాయి. తరువాత అనుమతి లభించి నీరు మళ్లీ పారింది. చెరువుల నుంచి రైతులు నేరుగా మోటార్లతో తోడరాదని, నేలలోకి ఇంకిన నీటినే బోర్ల ద్వారా వాడుకోవాలని అక్కడ నియమం పెట్టారు. నేల పొరలు కొంత వడపోస్తాయన్నది అందులోని ఆలోచన.

ఫలితం రెండు విధాలుగా ఉన్నది. చెరువులు నిండిన చోట బోర్లలో నీరు పైకి వచ్చిందని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తల పరిశీలనలు చెబుతున్నాయి. మూడో దశ శుద్ధి కావాలన్న కోరిక మాత్రం అక్కడ ఆగలేదు. ఒకసారి నేలలోకి దిగిన దాన్ని వెనక్కి తీయలేమన్నది వారి భయం. నీరు రావడానికి ముందే అడగవలసిన ప్రశ్నను వారు నీరు వచ్చిన తరువాత కోర్టులో అడగవలసి వచ్చింది. మనం గ్రహించవలసింది ఇదే.

మూసీ రైతుల అనుభవం

హైదరాబాదు దిగువన మూసీ వెంట ఏళ్ల తరబడి మురుగునీటితోనే సేద్యం సాగింది. నగరం పక్కన పారాగడ్డి పెంచి పాడి గేదెలకు అమ్ముకుని బతికిన కుటుంబాలు ఉన్నాయి. దిగువన వరి పండించారు. తరువాత అంబర్‌పేట, నాగోలు వంటి చోట్ల శుద్ధి కేంద్రాలు వచ్చాయి.

మూసీ మనకు కొన్ని సంగతులు నేర్పింది. మురుగులో నత్రజని ఎక్కువ. కొంతవరకు అది ఎరువు. ఎరువు ఖర్చు తగ్గుతుంది. మితిమీరితే వరి ఏపుగా పెరిగి ఆకు వేస్తుంది, పైరు పడిపోతుంది, గింజ తగ్గుతుంది. మురుగు మడిలో వట్టి కాళ్లతో దిగే రైతులకు కొంకిపురుగు వ్యాధి ఎక్కువగా వచ్చిందని అక్కడ జరిగిన పరిశోధనలో తేలింది. ఆ పురుగు అరికాలి చర్మం గుండా లోపలికి పోయి రక్తం పీలుస్తుంది.

అందుకని ఈ నీటితో పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, ఆకుకూరలు పెంచకూడదు. పశువుల మేత, మల్బరీ, కానుగ, వండుకు తినే ధాన్యం మేలు. కాళ్లకు బూట్లు వేసుకోవాలి. ఏడాదికోసారైనా నులిపురుగుల మందు తీసుకోవాలి. ఈ నీటిలో ఉప్పు కూడా ఎక్కువ. నీరు ఇంకని నేలల్లో ఏళ్ల తరబడి పెడితే భూమి చౌడు బారుతుంది. తాడిపత్రి వైపు నల్లరేగడి రైతులు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

భూమి ఎవరిది?

శుద్ధి కేంద్రానికి భూమి వెతికేటప్పుడు అధికారుల చూపు ముందు పడేది వంక పోరంబోకు మీద, డి-పట్టా భూముల మీద. కాగితంలో అది ప్రభుత్వ భూమి. ఊరిలో అది గొర్రెల మేత, కట్టెపుల్ల ఏరుకునే చోటు, హరిజన గిరిజన కుటుంబాలు రాళ్లు ఏరి సాగు చేసుకున్న చేను.

డి-పట్టా అయినంత మాత్రాన చేతులు దులుపుకుని పొమ్మనడానికి వీలు లేదు. అసైన్డు భూమిని తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తీర్పు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం గ్రామసభను సంప్రదించాలని, సామాజిక ప్రభావం అంచనా వేయాలని చెబుతున్నది. అయితే కొన్ని రకాల పనులకు ఆ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలును మన రాష్ట్రం 2018 సవరణలో కల్పించుకున్నది. కనుక తమ ఊరి పనికి ఏది వర్తిస్తుందో మొదటి రోజే రాతపూర్వకంగా అడగడం మంచిది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. ఫ్యాక్టరీ వచ్చేటప్పుడు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ వంటిది మురుగు శుద్ధి కేంద్రానికి తప్పనిసరి కాదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఉన్నాయి గాని పట్టణ మురుగు కేంద్రాలు లేవు. 1974 నీటి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి మాత్రం కావాలి. అంటే షామియానా వేసి, మైకు పెట్టి మిమ్మల్ని ఎవరూ పిలవకపోవచ్చు. గ్రామసభే మీ షామియానా.

నీరు ఎవరిది?

భూమికి వెల కట్టే చట్టం ఉన్నది. శుద్ధి అయిన నీటిలో పల్లెకు వాటా ఇవ్వాలన్న హామీ మాత్రం అందులో లేదు. నేడు వంకలో పారే మురుగును దిగువ రైతు అడ్డుకట్ట వేసి తోడుకుంటున్నాడు, అడిగేవారు లేరు. రేపు అదే నీరు శుభ్రపడితే దానికి ధర పలుకుతుంది. అప్పుడు కొనేవారు వస్తారు.

ఇది ఊహ కాదు. శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని 2016 విద్యుత్ టారిఫ్ విధానం నిర్దేశించింది. నాగపూరు నగరపు శుద్ధి నీరు కోరాడి విద్యుత్ కేంద్రానికి పోతున్నది. పరిశ్రమలు ఈ నీరు వాడితే తాగునీటి మీద ఒత్తిడి తగ్గుతుంది, అది మంచిదే. కాని వంక మీద ఆధారపడిన రైతు ఒక తెల్లవారి లేచేసరికి వంక ఎండిపోయి, గొట్టంలో నీరు తన పొలం పక్కనుంచే వేరే చోటికి పోతుంటే, ఆ పల్లెకు మిగిలింది వాసన ఒక్కటే అవుతుంది.

లోపలికి దిగేది ఎవరు?

మరొక మాట చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. గొట్టం పూడుకుంటే, తొట్టిలో మడ్డి గడ్డకడితే లోపలికి దిగేది ఎవరు? మురుగు తొట్టిలోని విషవాయువు క్షణాల్లో మనిషిని పడగొడుతుంది. ఒకరిని కాపాడబోయి మరొకరు పోయిన ఘటనలు దేశమంతా ఉన్నాయి. 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని నేరం చేసింది. చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పని చేసే వారి కోసం జీవితమంతా పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన తెలుగువాడే.

కేంద్రం వస్తే ఊరి వారికి ఉద్యోగాలు ఇస్తామంటారు. మంచిదే. ఏ ఉద్యోగాలు, ఏ ఇళ్ల పిల్లలకు అని అడగాలి. మీట నొక్కే పని ఒకరికీ మడ్డి ఎత్తే పని ఎప్పటిలాగే మాలమాదిగ వాడలకూ అయితే, కొత్త కేంద్రం పాత అన్యాయానికి సిమెంటు గోడ కట్టినట్టే.

గ్రామసభ అడగవలసినవి

పంచాయతీ తీర్మానంలో ఈ సంగతులు ఉండాలి. శుద్ధి మూడో దశ వరకు చేస్తారా? కరెంటు పోతే జనరేటరు ఉన్నదా? నడిపే ఖర్చు, మొదటి అయిదేళ్ల తరువాత, ఎవరు భరిస్తారు? మడ్డి ఎక్కడ ఎండబెడతారు, ఎక్కడికి తరలిస్తారు? ఇళ్లకు, బడికి, తాగునీటి బోరుకు కేంద్రం ఎంత దూరం? గాలి ఎటు వీస్తుంది?

కట్టకముందే చుట్టుపక్కల బోర్ల నీటిని పరీక్ష చేయించి ఆ కాగితం పంచాయతీలో భద్రపరచాలి. రేపు నీరు చెడిందంటే, నిన్న ఎలా ఉన్నదో చూపడానికి అదొక్కటే సాక్ష్యం. కేంద్రం వదిలే నీటి పరీక్ష ఫలితాలను నెలనెలా గోడ మీద తెలుగులో రాయించాలి. 2017 నిబంధనల ప్రకారం వంద మిల్లీలీటర్ల నీటిలో మలసంబంధ క్రిముల లెక్క 1,000 దాటకూడదు. కుళ్లు ఎంత మిగిలిందో చెప్పే బీఓడీ అనే కొలత మన వంటి పట్టణాల్లో లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అది 10 లోపే ఉండాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. ఈ అంకెలు సర్పంచికే కాదు, బడి పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం నీటి వాటా. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు మన చెరువుల కింద ఉన్నాయి. శుద్ధి అయిన నీటిలో ఇంత పాలు ఫలానా చెరువుకు, ఫలానా కుంటకు అని మునిసిపాలిటీకీ సంఘానికీ మధ్య ఒప్పందం రాతలో ఉండాలి. నీరు అమ్మితే వచ్చే రాబడిలోనూ పంచాయతీకి భాగం రాయించాలి. నోటి మాట వాన మబ్బు వంటిది, కనబడుతుంది, కురవదు.

ఈ సీమ పెద్దలు ఆరు వందల ఏళ్ల కిందటే పండమేరుకు అడ్డంగా కట్ట వేసి, రెండు కొసలా తూములు పెట్టి, ఒక కొసన అనంతసాగరానికీ మరో కొసన బుక్కరాయసముద్రానికీ నీరు పంచారు. పంపకం లేని నీరు తగాదా తెస్తుందని వారికి తెలుసు. నేటి శుద్ధి కేంద్రానికీ రెండు తూములు ఉండాలి. ఒకటి పట్టణానికి, ఒకటి పల్లెకు.

ముసలమ్మ కాలంలో కట్ట నిలవడానికి ఒక ప్రాణం అడిగారు. ఈ కాలంలో పట్టణం శుభ్రపడడానికి ఒక పల్లెను అడగవలసిన పని లేదు. చట్టం ఉన్నది, శాస్త్రం ఉన్నది, లెక్క ఉన్నది. పునాది రాయి వేసే రోజున దండలు పట్టుకుని నిలబడడానికి ముందు, పల్లెలు తమ తీర్మానం కాగితం పట్టుకుని నిలబడాలి.